అవుట్ ఆఫ్ స్టేషన్ అంటే ఏ స్టేషనండీ?

మా ఆఫీసులో ఏడాదికోసారి ఒక క్లాసు పెడతారు. విషయం ఎప్పుడూ ఒకటే, పేరు మాత్రం మారుతుంది. ఈసారి ‘గ్లోబల్ కమ్యూనికేషన్’ అన్నారు. గచ్చిబౌలిలో తొమ్మిదో అంతస్తు, ఏసీ చలికి చేతులు కట్టుకుని ఇరవై మందిమి కూర్చున్నాం, ఎదురుగా తెర మీద, ఇవి వాడకండి అంటూ ఎర్ర గీతలతో కొట్టేసిన ఇంగ్లీషు మాటలు. డూ ద నీడ్‌ఫుల్ మీద గీత. రివర్ట్ బ్యాక్ మీద గీత. ప్రీపోన్ మీద గీత (దాన్ని ఆక్స్‌ఫర్డ్ వాళ్ళే నిఘంటువులో చేర్చుకున్నారు, దాని బాగోగులు వాళ్ళే చూసుకుంటారు). అన్నిటికన్నా కింద అవుట్ ఆఫ్ స్టేషన్. దానికి రెండు గీతలు.

చెప్పే అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో, మంచి పిల్లే, చురుగ్గా చెబుతోంది. నా వైపు తిరిగి "మీరేమైనా రైలా సార్, స్టేషన్ నుంచి బయల్దేరడానికి?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినందుకు మియాపూర్‌లో మెట్రో దిగేదాకా నా మీద నాకే చిరాకు.

ఎందుకంటే ఆ మాట నేను అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీషుకు ఫీజు కట్టి నేర్చుకున్నది కాదు, ఇంట్లో నేర్చుకున్నది. మా నాన్న ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యారు. జోగిపేటలో ఉన్నప్పటి ముచ్చట. రెండో శనివారం, ఆదివారం కలిసొస్తున్నాయి కదా, ఊరికి పోయొద్దామని అమ్మ అనగానే నాన్న ఒక తెల్ల కాగితం తీసి, చెక్క అట్టకు క్లిప్పు పెట్టి, మంచం మీద కూర్చుని రాయడం మొదలుపెట్టేవారు. ఎట్లాగూ సెలవులే కదా, మళ్ళీ లీవ్ లెటర్ ఎందుకని నేను అడిగితే "సెలవు కాదు బిడ్డా, స్టేషన్ ఇడిచిపోయేటందుకు పర్మిషన్" అనేవారు. సెలవు కూడా కలిపి పెట్టినప్పుడైతే ఆ దరఖాస్తు మొత్తం ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం. ఫలానా రోజు క్యాజువల్ లీవు, దానికి ముందున్న ఆదివారాన్నీ వెనకున్న పండగ సెలవునూ కలుపుకునే అనుమతి, హెడ్‌క్వార్టర్ వదిలి వెళ్ళే అనుమతి, అన్నీ కామాల మీద కామాలతో ఆరు వరుసలు సాగి, చివరికి తమ విధేయుడు దగ్గర ఆగేది. కుడివైపు సంతకం. ఎడమవైపు కింద రెండు మాటలు, ఒకదాని కింద ఒకటి. స్టేషన్: జోగిపేట. తేదీ: ఫలానా.

అప్పట్లో జోగిపేటకు రైలు లేదు.

ఆ క్లాసులో ఈ సంగతి అప్పటికప్పుడు నోటికి రాలేదు. వచ్చుంటే బాగుండేది. స్టేషన్ అంటే రైలు ఆగే చోటన్నది ఆ మాటకు తర్వాత వచ్చిన అర్థం. లాటిన్‌లో ‘స్టాటియో’ అంటే నిలబడటం, నిలబడే చోటు. మన ‘స్థానం’, ‘స్థితి’ ఏ ధాతువు నుంచి వచ్చాయో అదీ ఆ మూలం నుంచి వచ్చిందే, దూరపు దాయాదులన్నమాట. ఇంగ్లీషులో రైళ్ళు పుట్టక చాలా ముందే సిపాయి కాపలా కాసే చోటు స్టేషన్, ఓడ లంగరేసి కాచుకునే చోటు స్టేషన్. ఈస్టిండియా కంపెనీ ఆ మాటను ఇక్కడికి తెచ్చి ఇంకో అర్థం తగిలించింది. హెన్రీ యూల్, ఏ.సీ. బర్నెల్ కూర్చగా 1886లో అచ్చయిన ‘హాబ్సన్-జాబ్సన్’ అనే ఆంగ్లో ఇండియన్ పదకోశంలో స్టేషన్‌కు ప్రత్యేకంగా ఒక పద్దు ఉంది. జిల్లాలోని ఇంగ్లీషు అధికారులో, దండులోని అఫీసర్లో కాపురముండే చోటు స్టేషన్. ఆ చోటే కాదు, అక్కడ పోగైన ఆ మనుషుల గుంపంతా కలిపి కూడా స్టేషనే. బర్నెల్ మన మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉద్యోగం చేసినవాడు, తను పుట్టని ఊళ్ళో డ్యూటీ కోసం ఉండటమంటే ఏమిటో అనుభవం మీద తెలిసినవాడు.

కాబట్టి అవుట్ ఆఫ్ స్టేషన్ అంటే నాకు డ్యూటీ పడ్డ చోట నేను లేను అని. అందులో ఏ తప్పూ లేదు, కాకపోతే ఇంగ్లండు వాళ్ళు సామాను సర్దుకుని పోతూ దాన్ని ఇక్కడ వదిలేసి వెళ్ళారు, మనం వాడుకుంటున్నాం. మనమే కాదు, మలేషియాలో, సింగపూర్‌లో ఇప్పటికీ ఊరు దాటి వెళ్ళినవాణ్ణి అవుట్‌స్టేషన్ పోయాడనే అంటారు. వాళ్ళ దేశాలనూ ఏలింది వీళ్ళే మరి.

ఇంకో మాట. ఇది దేశంలో ఎవరు వదిలేసినా హైదరాబాద్ వాళ్ళు వదలకూడదు. ఎందుకంటే మన జంటనగరాల్లో ఒకటి పుట్టిందే స్టేషన్‌గా. 1798లో నిజాం ఇంగ్లీషు వాళ్ళతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన ఖాళీ మైదానంలో డేరాలు వేశాయి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద దానికి సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. రైలు వచ్చింది 1874లో. అంటే రైల్వే స్టేషన్ కంటే సుమారు డెబ్బై ఏళ్ళ ముందే అది స్టేషన్. జనం ఆ సంగతి మర్చిపోలేదు కూడా, ఇంగ్లీషులో కాకుండా వేరే మాటలో గుర్తు పెట్టుకున్నారంతే. ఆషాఢంలో జరిగేవి లష్కర్ బోనాలు. లష్కర్ అంటే దండు.

ఆ బోనాల కథలోనే ఒక అవుట్ ఆఫ్ స్టేషన్ మనిషి ఉన్నాడు. సూరిటి అప్పయ్య అని, పటాలంలో డోలీ మోసేవాడు. 1813లో ఇక్కడ కలరా వచ్చినప్పుడు ఆయనకు ఉజ్జయినిలో డ్యూటీ. మా ఊరి జనం బతికితే నీ గుడి కడతానని అక్కడి మహంకాళికి మొక్కుకుని, తిరిగొచ్చాక 1815లో కట్టెతో చేసిన విగ్రహం ప్రతిష్ఠించాడని చెప్పుకుంటారు. ఈ కథ చిన్నప్పటి నుంచి విన్నదే, కానీ ఒక విషయం ఈ మధ్యే తట్టింది. ఆయన వెళ్ళింది తీర్థయాత్రకు కాదు, బదిలీ మీద. పటాలం ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయాడు. ఆయన అసలు స్టేషన్ ఉజ్జయినా, సికింద్రాబాదా? పై అఫీసరును అడిగితే ఉజ్జయిని అనేవాడు. అప్పయ్య మొక్కు మాత్రం ఇక్కడి వాళ్ళ కోసం.

సైన్యంలో డాక్టరు రొనాల్డ్ రాస్‌ది ఇంకా ఘోరం. బేగంపేటలో ఆయన పనిచేసిన పాత బంగళా ఇప్పటికీ ఉంది, ఉస్మానియా యూనివర్సిటీ కింద. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని మొదటిసారి చూశాడు. ఇంకా దోమలు కావాలి, రోగులు కావాలి, పని అప్పుడే ఊపందుకుంది. సెప్టెంబర్‌లో బదిలీ ఆర్డరు! రాజపుతానాలో (ఇప్పటి రాజస్థాన్) ఖేర్వారా అనే ఒక మూలకు, మలేరియా రోగులు పెద్దగా దొరకని చోటికి పంపారు. 1902లో నోబెల్ ఇచ్చారనుకోండి, కానీ ఆ ఆర్డరు అందుకున్న రోజు ఆయన మొహం ఎలా ఉండి ఉంటుందో మా నాన్నలాంటి ఉద్యోగులు ఎవరైనా చెప్పగలరు. స్టేషన్ అనే మాటలో ఆ బరువుంది. మనిషి అక్కడ ఉండేది తన ఇష్టం మీద కాదు.

సరే, ఇప్పుడు అవతలి పక్షం. మా పెద్దబావ తెలుగు భాషాభిమాని, ఏ ఫంక్షన్‌లో కనపడినా అరగంట వాయిస్తాడు. చక్కగా ‘ఊళ్ళో లేను’ అనే తెలుగు మాట ఉండగా ఈ అవుట్లూ స్టేషన్లూ మనకెందుకని ఆయన వాదన. ఆఫీసు అమ్మాయి ఇంగ్లీషు చెడిపోయిందంటుంది, బావ తెలుగు చెడిపోయిందంటాడు. పాపం ఒక్క మాట మీద ఇద్దరి దెబ్బలు.

బావది తెనాలి. తెనాలిలో ఆయన మాట నూటికి నూరుపాళ్ళు నిజం. అక్కడ ‘మా వాడు ఊళ్ళో లేడండీ, పొరుగూరెళ్ళాడు’ అంటే ఊరంటే మనం నిలబడి మాట్లాడుతున్న ఆ ఊరే, వేరే అర్థం లేదు. హైదరాబాద్‌లో అదే మాట అని చూడండి. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి తలుపు కొట్టినా పక్కింటివాళ్ళు ‘ఊరికి పోయిండ్రు’ అంటే అర్థం ఒకటే, సొంతూరికి. సూర్యాపేట దగ్గరో, సిద్దిపేట దగ్గరో, రాజమండ్రి దగ్గరో ఎక్కడో వాళ్ళ అమ్మానాన్నలు, పొలం, పాత ఇల్లు ఉన్న ఊరికి. ప్రాజెక్టు పని మీద బెంగుళూరు పోయినవాణ్ణి ఊరికి పోయాడని ఎవరూ అనరు. షిర్డీ పోయినవాణ్ణీ అనరు. ఇక్కడ మనిషి ఊళ్ళో ఉన్నాడంటేనే సిటీలో లేనట్టు! సంక్రాంతి ముందు రోజు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర ఆ కార్ల బారు చూసినవాడెవడైనా ఈ మాట ఒప్పుకుంటాడు, వాళ్ళందరూ ‘ఊరికి’ పోతున్నారు, అంటే ముప్ఫై ఏళ్ళుగా కరెంటు బిల్లు కడుతున్న ఈ నగరం వాళ్ళకు ఊరు కాదు.

మరి ఏమిటి? డ్యూటీ పడ్డ చోటు. స్టేషన్. తరతరాలుగా పాతబస్తీలోనే ఉన్నవాళ్ళను పక్కన పెడితే మనలో చాలామందికి హైదరాబాద్‌తో ఉన్న చుట్టరికం ఇదే. ఇల్లు కొనుక్కుంటాం, ఈఎంఐలు కడతాం, పిల్లలకు ఇక్కడే పెళ్ళిళ్ళు చేస్తాం, ‘మీదే ఊరు?’ అని ఎవరైనా అడిగితే మాత్రం మియాపూర్ అని చచ్చినా అనం. అందుకే బెంగుళూరు పోయినా షిర్డీ పోయినా పనికొచ్చే మాట ఒకటి కావాల్సి వచ్చింది, ఊరికి పోవడం కాకుండా మామూలుగా సిటీ దాటి వెళ్ళడానికి. ఇంగ్లీషు వాళ్ళు వదిలేసిన మాట సరిగ్గా అందులో ఇమిడింది. ‘సిటీలో లేను’ అనొచ్చు కదా అంటాడు బావ. అనొచ్చు, అంటున్నారు కూడా. అదేమైనా తెలుగా!

నిజానికి మన భాషలో దీనికి దగ్గరి మాటలు లేకపోలేదు. మకాం ఉంది, ఉర్దూ నుంచి వచ్చి మనదైపోయింది. విడిది ఉంది, ఎంత అందమైన మాట, హిల్ స్టేషన్‌ను వేసవి విడిది అన్నవాడికి దండం పెట్టాలి, కానీ విడిది అంటే ఇప్పుడు పెళ్ళివారు దిగే ఇల్లే గుర్తొస్తుంది. రేడియో స్టేషన్ కేంద్రమైంది, పోలీస్ స్టేషన్‌ను పేపర్లలో ఇప్పటికీ ఠాణా అని రాస్తారు. దక్షిణ మధ్య రైల్వే హెడ్డాఫీసు రైల్ నిలయం, అక్కడ ఒక్క రైలూ ఆగదు. అన్నిటికన్నా గట్టిగా నిలబడింది క్యాంపు. తెల్లదొర కలెక్టర్లు గుర్రాల మీద తిరుగుతూ డేరాలు వేసుకుని కచేరీ నడిపిన రోజుల మాట. డేరాలు పోయి ఎంతకాలమైందో, మాట పోలేదు. ముఖ్యమంత్రి ఇంట్లో కూర్చుని సంతకాలు పెడితే అది క్యాంపు ఆఫీసు. ఇంట్లో ఉన్నా క్యాంపే, ఇంట్లో లేకపోయినా క్యాంపే.

ఇంట్లో ఉండి క్యాంపులో ఉండటం మా నాన్నకూ వచ్చు. జోగిపేటలో చిట్టీల అతను ప్రతి నెలా ఐదో తారీఖున వచ్చేవాడు. జీతం ఆలస్యమైన నెలల్లో అమ్మ గుమ్మంలో నిలబడి "మా సారు క్యాంపుకు పోయిండు, మల్లా సోమారం వొస్తడు" అనేది. నాన్న వెనక గదిలో చప్పుడు లేకుండా పేపరు తిరగేస్తుండేవారు. ఒకసారి ఆ చిట్టీల అతను ఏమీ అనకుండా, గుమ్మం పక్కన విడిచి ఉన్న నాన్న తోలు చెప్పుల వైపు చాలాసేపు చూశాడు. కుడి చెప్పుకు బొటనవేలు పట్టీ తెగితే మేకు కొట్టించిన జత, వీధి మొత్తానికి ఎవరివో తెలుసు. "సారు ఉత్త కాళ్ళతోనే పోయిండా అమ్మా క్యాంపుకు?" అన్నాడు. ఆ తర్వాత ఐదో తారీఖు పొద్దున్నే చెప్పులు లోపలికి తీసుకురావడం నా పని.

అవును, అబద్ధానికి ఇంత వాటమైన మాట ఇంకోటి లేదు, అది నేను దాచను. ఆ రోజుల్లో అవుట్ ఆఫ్ స్టేషన్ అనేది ఇంటి మనిషి గుమ్మంలో నిలబడి వేరే మనిషి గురించి చెప్పే మాట. మనిషి దొరకడు, ఇక నువ్వు పో అని. సెల్‌ఫోన్ వచ్చాక చూడండి విచిత్రం, ఎవరైతే దొరకడో అతనే ఫోనెత్తి నేను దొరకను అని చెబుతున్నాడు. మధ్యలో కొన్నాళ్ళు దీని పని రోమింగ్ చేసిపెట్టింది, ‘రోమింగ్‌లో ఉన్నా’ అంటే చాలు, అవతలివాడికి మన బిల్లు మీద జాలేసి టక్కున పెట్టేసేవాడు. 2016లో జియో వచ్చింది, 2017కల్లా మిగతా పెద్ద కంపెనీలూ రోమింగ్‌లో ఇన్‌కమింగ్‌కు డబ్బు తీయడం మానేశాయి, ఆ సాకు పోయింది. మళ్ళీ అవుట్ ఆఫ్ స్టేషన్‌కే వచ్చిపడ్డాం.

మొన్న ఒక ఆదివారం చిన్నాన్న కొడుకు ఫోన్ చేసి సాయంత్రం వాళ్ళ బిడ్డ శారీ ఫంక్షన్‌కు రమ్మన్నాడు. ఉప్పల్ అవతల. మియాపూర్ నుంచి ఉప్పల్ అవతలికి ఆదివారం సాయంత్రం పోయి రావడమంటే ఏమిటో తెలిసినవాళ్ళు నన్ను క్షమిస్తారు. "లేదురా తమ్మీ, అవుట్ ఆఫ్ స్టేషన్ ఉన్న" అన్నాను, బాల్కనీలో నిలబడి. సరిగ్గా అప్పుడే కింద వీధిలోంచి మైకులో, రికార్డు చేసిన ఆ గొంతు, పాత ఇనుప సామాన్లు కొంటాం, పాత కూలర్లు కొంటాం, ఖరాబైన ఫ్రిజ్‌లు కొంటాం. వాడు ఒక నిమిషం ఆగి "ఏ స్టేషన్ల ఉన్నవన్నా? అక్కడ గూడ మన పాత సామాన్ల ఆటోనే తిరుగుతున్నదా?" అన్నాడు. పోయాను. పోవడానికి గంటా ముప్పావు పట్టింది.

అయినా ఒకటి అడుగుతాను, ‘ఊళ్ళో లేను’ అనే తెలుగుతో అబద్ధం ఆడలేమా? బ్యాంకులో ఎవడైనా అవుట్‌స్టేషన్ చెక్కు ఇస్తే అది అబద్ధమైందా? క్యాబ్ వాడు లోకల్‌కు ఒక రేటు, అవుట్‌స్టేషన్‌కు ఒక రేటు అని యాదగిరిగుట్టకు లెక్క కట్టినప్పుడు మనలో ఎవరైనా ‘ఏ స్టేషన్’ అని అడిగామా? ఇంగ్లీషని తెలియనంతగా నలిగిపోయిన మాట అది. చదువురాని డ్రైవరుకు కూడా తెలిసిన మాట ఒక తెర మీద తప్పైపోయింది, అదొక్కటే నాకు మింగుడు పడంది.

అమెరికా వాడికి మెయిల్ రాసేటప్పుడు అవుట్ ఆఫ్ టౌన్ అని రాయమంటే రాస్తాను, అందులో పట్టింపు లేదు. వాడికి అర్థమయ్యే మాట రాయడం మర్యాద. నిజానికి ఆ క్లాసయిన వారానికి అక్కడి మా లీడ్‌నే అడిగాను, నేనిట్లా అంటే నీకేం అర్థమవుతుందని. రైలు ఆయనకు తట్టలేదు. వాళ్ళ నాన్న సైన్యంలో చేశాడట, జర్మనీలో స్టేషన్డ్‌గా ఉన్నప్పుడే తను పుట్టాడట. కాసేపు ఆలోచించి, డ్యూటీ పోస్టు వదిలి వెళ్ళడంలాంటిదా అన్నాడు. సరిగ్గా అదే అన్నాను. మరి మీ ఇంజనీర్లు సెలవు మీద పోతూ అంత సీరియస్‌గా ఎందుకు చెబుతారు అన్నాడు. దానికి నా దగ్గర జవాబుంది గానీ, అందులో జోగిపేట వస్తుంది, చిట్టీల అతను వస్తాడు, కాల్‌లో ఇంకా పదకొండు మంది ఉన్నారు.

నాన్న ఇప్పుడు మాతోనే ఉంటున్నారు. ఏడాదికోసారి పెన్షన్ కోసం బతికున్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఈసారి నేనే తీసుకెళ్ళాను. ఫారం నింపుతూ అంతా గబగబా రాసేశారు, పేరు, పెన్షన్ ఆర్డరు (పీపీఓ) నంబరు, బ్యాంకు ఖాతా. చివర ఎడమవైపు కిందికి వచ్చేసరికి పెన్ను ఆగింది. స్టేషన్, పక్కన చుక్కలు. కళ్ళద్దాలు పైకి తోసుకుని, కాసేపు ఆ చుక్కల వంకే చూసి, మా ఊరి పేరు రాశారు. మేం అక్కడ ఇల్లమ్మేసి పన్నెండేళ్ళయింది. కౌంటర్‌లో పిల్లవాడు కాగితం తిప్పి చూసి "పెద్దాయనా, ఇక్కడ హైదరాబాద్ అని రాయాలె" అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. ఆ పేరు మీద ఒకే ఒక్క గీత, స్కేలు పెట్టి కొట్టినట్టు సన్నగా కొట్టి, పక్కన హైదరాబాద్ అని రాసి, దిద్దుబాటు దగ్గర పొట్టి సంతకం కూడా పెట్టి ఇచ్చారు.